తక్కువ బడ్జెట్‌లో బాత్రూమ్ మార్చుకోవడం ఎలా? గోడ పగలగొట్టక ముందు వేసుకోవాల్సిన లెక్కలు

బాత్రూమ్ మార్చుకోవాలి అనుకోగానే చాలామంది ముందు టైల్స్ చూడటానికి వెళ్తారు. రంగు నచ్చుతుంది, అడ్వాన్స్ ఇచ్చేస్తారు, ఆ తర్వాత మేస్త్రీని పిలుస్తారు. గోడ పగలగొట్టాక లోపల తుప్పు పట్టిన పైపు బయటపడుతుంది. దాన్ని మార్చడానికి చేతిలో డబ్బు ఉండదు. మా ఇంట్లో మొదటిసారి ఇదే జరిగింది. మంచి టైల్స్ కొన్నాం. వాటర్‌ప్రూఫింగ్ (నీళ్లు కిందికి దిగకుండా టైల్స్ కింద వేసే పూత) మాత్రం "అక్కర్లేదండీ, కింద సిమెంటు గట్టిగానే ఉంది" అని మేస్త్రీ అంటే సరే అన్నాం. రెండేళ్లకి కింది గది సీలింగ్ మీద తడి మరక కనిపించింది. చెక్కుచెదరని టైల్స్‌ని మళ్లీ పగలగొట్టించాం. అందుకే మొదటే చెబుతున్నాను: డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ముందు నీళ్లు వచ్చే దారికీ, పోయే దారికీ ఖర్చు పెట్టండి. అద్దం, అల్మరా, ఖరీదైన షవర్ తర్వాత ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. టైల్స్ కింద ఉండేదాన్ని మళ్లీ సరిచేయాలంటే అంతా మొదటికి వస్తుంది.

ముందు ఒక వారం ఏమీ ముట్టుకోకండి

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. వారం పాటు ఇంట్లో ప్రతి ఒక్కరి ఇబ్బందినీ వాళ్ల మాటల్లోనే రాయండి. "పొద్దున్న అందరికీ ఒకేసారి కావాలి", "కూర్చుంటే లేవలేకపోతున్నా", "టవల్ తగిలించడానికి నాకు అందదు", "నేల ఎప్పటికీ ఆరదు" లాంటివి వస్తాయి. తర్వాత వాటిని మూడు గుంపులు చేయండి. నీళ్లు కారడం, కాలు జారడం, కరెంటు భయం మొదటి గుంపు. రోజూ విసిగించేవి రెండోది. పాతగా కనిపిస్తోంది, రంగు నచ్చలేదు అనేవి మూడోది. డబ్బు ఈ వరుసలోనే ఖర్చు కావాలి.

ఇలా రాస్తే ఒక విషయం తెలుస్తుంది. చాలా ఇబ్బందులకి గోడ పగలగొట్టాల్సిన పనే లేదు. పిల్లలకి అందే ఎత్తులో నాలుగు కొక్కేలు, మూలలో ఒక అర, మంచి లైటు పెడితే సగం ఫిర్యాదులు తీరిపోతాయి. పొద్దున్నపూట రద్దీ అయితే, వాష్‌బేసిన్‌ని బాత్రూమ్ తలుపు బయటికి తేవచ్చా అని ఆలోచించండి. గోడకి అవతలే పైపులు ఉంటే ఇది పెద్ద పని కాదు. ఒకరు లోపల స్నానం చేస్తుంటే మరొకరు బయట పళ్లు తోముకోవచ్చు.

ఉన్న బాత్రూమ్ ఆరోగ్యం చూడండి

మొత్తం పగలగొట్టాలా, పైపైన బాగుచేస్తే చాలా అన్నది ఇక్కడ తేలుతుంది. బడ్జెట్‌లో అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చే నిర్ణయం ఇదే, కాబట్టి ఓపికగా చూడండి.

నీటి మీటరు ఉంటే ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి అంకె రాసుకోండి. రెండు గంటలు ఎవరూ నీళ్లు వాడకుండా ఉండి మళ్లీ చూడండి. అంకె మారితే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఫ్లష్ ట్యాంకులో కొంచెం రంగు కలిపి అరగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి. కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి వాల్వ్ పాడైంది, దాన్నొక్కదాన్ని మార్చుకుంటే చాలు. టైల్స్‌ని వేలి కణుపుతో ఒక్కొక్కటిగా తట్టండి. డొల్ల శబ్దం వస్తే ఆ టైల్ కింద పట్టు వదిలింది. ఒకటీ అరా అయితే వాటినే మార్చవచ్చు. వరుసలకి వరుసలే డొల్లగా మోగితే, ఆ గోడ కథ వేరు. చివరగా బయటికి వచ్చి బాత్రూమ్ అవతలి గోడలనీ కింది సీలింగ్‌నీ చూడండి. పెయింట్ ఉబ్బినా, తెల్లటి ఉప్పు పొడిలా తేలినా నీళ్లు గోడలోకి వెళ్తున్నాయి.

ఇవేవీ లేకుండా బాత్రూమ్ పాతగా మాత్రమే కనిపిస్తుంటే దయచేసి పగలగొట్టకండి. టైల్స్ మధ్య నల్లబడిన గ్రౌట్ గీకి కొత్తది నింపండి. మూలల్లో పాత సిలికాన్ తీసి కొత్తది వేయించండి. కుళాయిలు, సీటు, అద్దం, లైటు మార్చండి. మొత్తం కొత్తగా చేయించే ఖర్చులో చిన్న వంతుతో గది ముఖమే మారిపోతుంది. తడి మరకలు ఉంటే మాత్రం పైపై మెరుగులకి ఒక్క పైసా పెట్టవద్దు.

ఇల్లు బాగా పాతదైతే ఇంకో జాగ్రత్త ఉంది. పాత ఇళ్లలో వాడిన కొన్ని రకాల ఫ్లోరింగ్, రేకులు, పైపుల చుట్టూ చుట్టే కవర్లలో ఆస్బెస్టాస్ అనే పీచులాంటి ఖనిజం ఉండవచ్చు. అనుమానం ఉంటే సుత్తి పట్టక ముందే తెలిసినవారితో పరీక్ష చేయించండి. దాని ధూళి ఊపిరితిత్తులకి ప్రమాదం.

కొలవండి, గీయండి, కమోడ్‌ని కదపకండి

గళ్ల కాగితం మీద గది బొమ్మ గీయండి. గోడల పొడవు, ఎత్తు, తలుపు ఎటు తెరుచుకుంటుందో, కిటికీ, ప్రతి పైపు, నీళ్లు పోయే జాలీ అన్నీ అందులో ఉండాలి. అట్టముక్కలు కమోడ్, బేసిన్ కొలతల్లో కత్తిరించి ఆ బొమ్మ మీద జరుపుతూ చూస్తే ఎంతో స్పష్టత వస్తుంది.

కొన్ని కొలతలు గుర్తుంచుకోండి. కమోడ్ మధ్యగీత నుంచి పక్క గోడకి కనీసం 15 అంగుళాలు ఉండాలి. కమోడ్ ముందు కనీసం 21 అంగుళాలు, వీలైతే 24 అంగుళాలు ఖాళీగా ఉండాలి, లేకపోతే మోకాళ్లు గోడకి తగులుతాయి. షవర్ కింద నిలబడే చోటు 30 అంగుళాల చదరం అయితే ఏదోలా సరిపోతుంది, 36 అయితే హాయిగా ఉంటుంది.

ఇక కమోడ్ సంగతి. డబ్బు మిగలాలంటే అది ఉన్నచోటే ఉండాలి. దాని పైపు సుమారు 4 అంగుళాల లావుంటుంది, దారి పొడవునా వాలు కావాలి. రెండు అడుగులు జరపాలన్నా నేల లోతుగా తవ్వాలి, కొన్నిసార్లు కింది సీలింగ్ కూడా తెరవాలి. బేసిన్ పైపు సన్నం, దాన్ని జరపడం తేలిక. షవర్‌ని కూడా అదే గోడ మీద అటూ ఇటూ జరపవచ్చు. కాబట్టి కమోడ్‌ని మేకులా పాతి ఉంచి, మిగతా గదిని దాని చుట్టూ అమర్చుకోండి. కొత్త కమోడ్ కొనేటప్పుడు పైపు నేలలోకి పోతోందా, గోడలోకి పోతోందా చూసుకోండి. మొదటిదాన్ని ఎస్-ట్రాప్, రెండోదాన్ని పి-ట్రాప్ అంటారు. ఎస్-ట్రాప్ అయితే గోడ నుంచి రంధ్రం మధ్యకి ఎంత దూరమో కొలవాలి. ఈ దూరం టైల్ వేసిన గోడ నుంచి లెక్క. కొత్త టైల్, దాని కింద పొర కలిసి ఒక అంగుళం ముందుకు వస్తే కొన్న కమోడ్ అక్కడ కూర్చోదు.

పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంటికి

కుటుంబం వాడే బాత్రూమ్‌లో నా మనసు ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. వీటిలో చాలావాటికి పెద్ద ఖర్చు లేదు, పని జరిగేటప్పుడే గుర్తుపెట్టుకుంటే చాలు.

నేలకి నున్నటి టైల్స్ వద్దు. టైల్ పెట్టె మీద ఆర్9 నుంచి ఆర్13 దాకా గ్రేడ్ ఉంటే చూడండి. అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. ఇంటి బాత్రూమ్‌కి ఆర్10 లేదా ఆర్11 మంచిది. మరీ గరుకైతే మురికి పట్టి, తోమలేక అలసిపోతారు. చిన్న టైల్స్‌లో గ్రౌట్ గీతలు ఎక్కువ కాబట్టి కాలికి సహజంగానే పట్టు దొరుకుతుంది. జాలీ వైపు వాలు ఇవ్వడమూ తేలిక. గోడ టైల్‌ని ధర తక్కువని నేలకి వేయించవద్దు, అది పలచన, నీళ్లు పీల్చుకుంటుంది, బరువు ఆపదు.

గోడకి చేతిపట్టీ ఇప్పుడే అవసరం లేకపోయినా, దానికి చోటు ఇప్పుడే సిద్ధం చేయించండి. నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో, కమోడ్ పక్కనా షవర్ దగ్గరా గోడ గట్టిగా ఉండేలా చూడాలి. బోర్డు గోడ అయితే లోపల చెక్క బిగించాలి, బోలు ఇటుక గోడ అయితే ఆ చోట బోలు నింపి గట్టిచేయాలి. పట్టీ ఒక పెద్దమనిషి బరువు మొత్తం ఆపాలి. టవల్ కడ్డీని పట్టుకుని లేవడం అలవాటైతే అది ఒకరోజు ఊడి వస్తుంది.

పెద్దవాళ్లకి కమోడ్ సీటు 17 నుంచి 19 అంగుళాల ఎత్తులో ఉంటే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది. మామూలు కమోడ్‌లు ఇంతకంటే రెండు మూడు అంగుళాలు తక్కువగా ఉంటాయి. తలుపు బయటికి తెరుచుకుంటే మరీ మంచిది. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకి ఆ మనిషే అడ్డమవుతారు. గొళ్లెం కూడా బయటి నుంచి తీయగలిగేలా ఉండాలి.

వేడినీళ్ల గురించి చాలామంది ఆలోచించరు. 60 డిగ్రీల నీళ్లు 5 సెకన్లలో ఒంటిని కాల్చేయగలవు, పసిపిల్లల చర్మానికి అంత సమయం కూడా పట్టదు. గీజర్‌లో నీళ్లు ఎంత వేడిగా ఉన్నా, కుళాయి దగ్గరికి వచ్చేసరికి 49 డిగ్రీలు దాటకుండా ఉండాలి. వేడిని తానే సరిచేసే మిక్సర్ కొనగలిగితే, ఖరీదైన షవర్ తలకంటే దానికే డబ్బు పెట్టండి. ఇక కరెంటు: బాత్రూమ్ లైనుకి 30 మిల్లీ ఆంప్స్ దగ్గర ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి. లేకపోతే పెట్టించాకే మిగతా పని మొదలుపెట్టండి. ఇందులో పొదుపు చూడకండి.

డబ్బు లెక్క

చేతిలో ఉన్న మొత్తంలో ముందే 15 శాతం పక్కన పెట్టేయండి, ఇల్లు పాతదైతే 20 శాతం. అది లేనట్టే అనుకోండి. గోడ తెరిచాక ఏదో ఒకటి బయటపడుతుంది, ఆ టెన్షన్‌కి మందు ఈ డబ్బే. మిగిలినదాన్ని ఈ వరుసలో పంచండి: కూల్చడం, చెత్త ఎత్తించడం, పైపులు, కరెంటు, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్, కూలీ, సామాన్లు, ఆఖరున అలంకరణ. చెత్త ఎత్తించే ఖర్చుని దాదాపు అందరూ మర్చిపోతారు.

టైల్స్ లెక్క మీరే వేసుకోండి. ఉదాహరణకి గది 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. నేల 40 చదరపు అడుగులు. చుట్టూ గోడల కొలత 26 అడుగులు. 7 అడుగుల ఎత్తు దాకా టైల్స్ వేస్తే 182 చదరపు అడుగులు, రెండున్నర అడుగుల వెడల్పు తలుపుకి పదిహేడున్నర తీసేస్తే సుమారు 165. అదే గదిలో షవర్ ఉన్న మూలలో 11 అడుగుల గోడకి మాత్రమే 7 అడుగుల దాకా వేసి, మిగతా గోడలకి 4 అడుగుల దాకా వేసి పైన తేమని తట్టుకునే పెయింట్ వేస్తే? షవర్ మూలకి 77, దానికి తలుపు పోగా మిగిలిన పన్నెండున్నర అడుగుల గోడకి 50 కలిపితే 127. గోడ టైల్స్‌లో దాదాపు నాలుగో వంతు మిగిలింది, కూలీ కూడా ఆ మేరకు తగ్గింది. ఏ లెక్కకైనా విరిగేవీ కోతకి పోయేవీ కలిపి 10 శాతం ఎక్కువ కొనండి, ఏటవాలుగా వేయిస్తే 15 శాతం. అన్ని పెట్టెల మీదా ఒకే బ్యాచ్ నంబర్ ఉండాలి, లేకపోతే రంగులో తేడా కనిపిస్తుంది.

పొదుపు చేయదగ్గ చోట్లు చాలా ఉన్నాయి. ఒక్క గోడకి నచ్చిన డిజైన్ టైల్ వేసి, మిగతా అంతా సాదా తెల్లటివి వేయండి. గోడలోకి దాగే కుళాయిలకంటే బయటికి కనిపించేవి చవక, పాడైతే టైల్ పగలగొట్టక్కర్లేదు. గాజు తలుపు బదులు మంచి కర్టెన్ చాలు. కానీ కుళాయి లోపల నీళ్లని ఆపే, వదిలే భాగమైన కార్ట్రిడ్జ్, కోణంలో ఉండే చిన్న వాల్వ్‌లు, కమోడ్‌కి నీళ్లిచ్చే గొట్టం, ఇలాంటి చిన్నవాటిలో నాసిరకం కొనకండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పగిలి గది నింపేవి ఇవే.

ఫ్లష్ లెక్క కూడా చూడండి. పాత కమోడ్‌లు ఒక్కో ఫ్లష్‌కి 9 నుంచి 13 లీటర్లు పోస్తాయి. రెండు బటన్ల ఫ్లష్ అయితే 3 లేదా 6 లీటర్లు. నలుగురున్న ఇంట్లో రోజుకి 20 ఫ్లష్‌లు అనుకుంటే, 9 లీటర్ల చొప్పున 180 లీటర్లు పోతాయి. అదే 15 సార్లు చిన్న బటన్, 5 సార్లు పెద్ద బటన్ నొక్కితే 75 లీటర్లు. ఈ మార్పు ప్రతి నెలా మీకు తిరిగి ఇస్తుంది.

మనుషులని ఎంచుకోవడం

కనీసం ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి, ముగ్గురికీ ఒకే జాబితా ఇవ్వండి. అప్పుడే పోల్చడానికి వీలవుతుంది. ఏం చేస్తారో, సామాను ఎవరిదో, ఎన్ని రోజులో, చెత్త ఎవరు తీస్తారో కాగితం మీద ఉండాలి. డబ్బు పనితో పాటు విడతలుగా ఇవ్వండి, ఆఖరి పది శాతం అన్నీ పరీక్షించాకే ఇవ్వండి. మరీ తక్కువ చెప్పినవారిని "వాటర్‌ప్రూఫింగ్ ఎన్ని పొరలు వేస్తారు, నీళ్లు నిలిపి చూస్తారా?" అని అడగండి. జవాబు చెప్పే తీరులోనే పని తీరు తెలిసిపోతుంది.

పని వరుస

సామాన్లన్నీ ఇంటికి వచ్చి, పెట్టెలు విప్పి చూసుకున్నాకే కూల్చడం మొదలుపెట్టించండి. ఒక్క కుళాయి కోసం పని పది రోజులు ఆగిపోవడం మామూలే, ఉన్న ఒక్క బాత్రూమ్ ఆగితే ఇల్లంతా ఆగినట్టే. అలాంటి ఇల్లయితే కమోడ్ తీసేది ఏ రోజు, తిరిగి పెట్టేది ఏ రోజు అని ముందే రాయించుకుని, ఆ రోజులకి బంధువులనో పక్కింటివారినో అడిగి ఉంచండి.

కూల్చాక పైపులు, కరెంటు గొట్టాలు వేస్తారు. వాటిని మూయక ముందు పైపుల్లో ఒత్తిడితో నీళ్లు నింపి పరీక్షించమనండి. అప్పుడే టేపు పక్కన పట్టుకుని ప్రతి గోడకీ ఫొటో తీయండి. రేపు మేకు కొట్టాలంటే ఆ ఫొటోలే దిక్కు. తర్వాత నేలకి వాలు వేస్తారు. జాలీ వైపు మీటరుకి 1 నుంచి 2 సెంటీమీటర్లు దిగాలి. అంతకంటే తక్కువైతే నీళ్లు నిలుస్తాయి, ఎక్కువైతే నడక ఇబ్బంది.

ఆ పైన వాటర్‌ప్రూఫింగ్. నేలంతా, గోడల మీద కనీసం ఒక అడుగు దాకా, షవర్ దగ్గర 6, 7 అడుగుల దాకా వేయాలి. మూలలకి, పైపులు పైకి వచ్చే చోట్లకి అదనంగా మెష్ పట్టీ పెట్టాలి, లీకులు ఎక్కువగా అక్కడి నుంచే మొదలవుతాయి. ఒక కోటు ఆరాక రెండోది వేయాలి. పూర్తిగా గట్టిపడ్డాక జాలీకి బిరడా పెట్టి, రెండు అంగుళాల నీళ్లు నింపి, కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు వదిలేయండి. నీటి మట్టానికి గోడ మీద పెన్సిల్ గీత పెట్టి ఫొటో తీయండి. కింద తడి కనిపించకపోతేనే, గీత దగ్గర నీళ్లు పెద్దగా దిగకపోతేనే టైల్స్ పెట్టనివ్వండి. ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుందని మేస్త్రీ తొందరపెడతాడు. మీరు ఒప్పుకోకండి.

టైల్స్ పెట్టాక కనీసం ఒక రోజు ఆగి గ్రౌట్ నింపాలి. షవర్ దగ్గర ఎపాక్సీ గ్రౌట్‌కి కొంచెం ఎక్కువ పెట్టినా పర్వాలేదు, అది నీళ్లు పీల్చదు, త్వరగా నల్లబడదు. తర్వాత సీలింగ్ పెయింట్, ఆపైన సామాన్లు, చివరగా సిలికాన్. సిలికాన్ వేశాక ఒక రోజు తడపకండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ 40 చదరపు అడుగుల గదికి నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలి లాగేదైతే చాలు, కానీ ఆ గాలి ఇంటి బయటికే పోవాలి. ఫాల్స్ సీలింగ్ లోపలికి వదిలితే బూజు అక్కడికి మారుతుంది, అంతే. స్నానం అయ్యాక 20 నిమిషాలు దాన్ని తిరగనివ్వండి.

ఆఖరి విడత ఇవ్వక ముందు ఒక బకెట్ నీళ్లు దూరపు మూలలో పోసి జాలీ దాకా వెళ్తున్నాయా చూడండి. అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పండి, పది సార్లు ఫ్లష్ చేయండి, బేసిన్ కింద టిష్యూ కాగితం పెట్టి తడుస్తుందేమో చూడండి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కించండి. మిగిలిన టైల్స్ ఒక పెట్టె, గ్రౌట్ రంగు నంబర్ రాసిన చీటీ అందులోనే వేసి దాచండి. తర్వాత నెల రోజులు వారానికి ఒకసారి కింది సీలింగ్ వైపు తలెత్తి చూస్తూ ఉండండి.